శంకరన్న నేర్పిన మాట

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో శంకరన్న గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. అలాంటివాడు భార్యతో కోర్టులో పోట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. అత్తతో పొసగక సరోజమ్మ ఆదోనిలోని పుట్టింటికి పోయి, పత్తి మిల్లులో పనికి కుదిరింది. ఎనిమిదేళ్ళ కూతురు మాదేవిని తన దగ్గర ఉంచుకుంటానంది. శంకరన్న ఒప్పుకోలేదు. 1979లో ఆ తగవు కోర్టుకెక్కింది.

తల్లి దగ్గర నాలుగు రోజులుండి పాప తిరిగొచ్చిన వారంలోనే, నూలుకు రంగేస్తూ శంకరన్న దింపుతున్న బాన ఒరిగింది. మరిగే నీళ్ళు పడి పాప చెయ్యి బొబ్బలెక్కింది. పాప చేతి కట్టు చూసిన శంకరన్న ప్లీడరు, "తల్లి కాల్చిందని పాపతో చెప్పించు. కేసు మనదే" అన్నాడు.

శంకరన్న కూతుర్ని మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట నేర్పాడు. "అమ్మే కాల్చిందని సెప్పల్ల. లేకుంటే నిన్ను నాకు కాకుండా తీస్కపోతారు."

జడ్జి గదిలో పాప అలాగే చెప్పి బయటికొచ్చింది. వరండాలో ఉన్న సరోజమ్మకు లోపల ఏం జరిగిందో తెలియదు. ఆ చెయ్యి చూడగానే కూతురి ముందు కూలబడింది.

"ఏమాయె తల్లీ? ఇంకా నొస్తాందా?"

పాప తండ్రి వైపు చూసింది. శంకరన్న మొహం తిప్పుకున్నాడు.

తీర్పు అతనికే వచ్చింది. బస్సులో పాప, "నాయనా, బాగ సెప్పినానా?" అని అడిగింది. ఇంట్లో శంకరన్న తల్లి సంబరంగా బొబ్బట్లు చేస్తే అతను ముట్టలేదు. మగ్గం మీద కూర్చున్నా చేతులు ఆడలేదు.

మూడోరోజు ఆదోని పోయి మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. ఆడకూలీలంతా చూస్తుండగా, "సరోజా, పాప చెయ్యి కాలింది నా వల్లే. నీ మీద అబద్ధం నేనే సెప్పిచ్చినా" అన్నాడు.

"ఈడ సెప్తే ఏం లాభం?" అంది సరోజమ్మ. "పాపతో యాడ సెప్పిచ్చినావో, ఆడికి పోయి నువ్వు సెప్పు."

ప్లీడరు రానన్నాడు. శంకరన్న ఒక్కడే పోయి జడ్జి ముందు ఉన్నదంతా చెప్పాడు. జడ్జి నిండు కోర్టులో చీవాట్లు పెడుతుంటే చేతులు కట్టుకుని విన్నాడు. విచారణ మళ్ళీ జరిగి, పాప తల్లి దగ్గరికి చేరింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆదోని పోయేవాడు. వాళ్ళింటి అరుగు మీదే కూర్చుని కూతురితో మాట్లాడి వచ్చేవాడు. సరోజమ్మ కాపురానికి తిరిగి రాలేదు. అతను రమ్మని అడగనూ లేదు. మాదేవి పదో తరగతి పాసైన ఏడు, తండ్రి చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. సరోజమ్మ కంచం పెట్టి, "తిను" అంది. తిన్నంతసేపూ శంకరన్న తలెత్తలేదు.