చుక్కికి జోడు వెదికిన ఏడు

మొన్న ఖమ్మంలో ఒక పెళ్లి ఊరేగింపు పక్కనుంచి పోతుంటే గుర్రపు చెమట వాసన గుప్పున తగిలి, నడిరోడ్డు మీద నా కాళ్లు ఆగిపోయాయి. తెల్లగా, పొడుగ్గా, తలమీద తురాయి పెట్టుకుని నిలబడ్డ ఆ గుర్రాన్ని చూసి జనం మురిసిపోతున్నారు గానీ, నాకు మాత్రం మా తాత తట్టువలే కళ్లముందు కదిలాయి. అబ్బో, ఆ పొట్టి గుర్రాలకు ఈ హంగులెక్కడివి!

మణుగూరు అవతల, వాగులు దాటితే గాని చేరలేని అడవి పల్లె మాది. డెబ్బైల్లో అక్కడికి రోడ్డు లేదు; సంతలో కొన్న ఉప్పు బస్తాలు పైకి రావాలన్నా, ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయలు కిందికి పోవాలన్నా తట్టువల వీపే దిక్కు. ఎప్పుడో దండుల వెంట వచ్చి అడవిలో వెనకబడిపోయిన గుర్రాల సంతతి ఇవి అని తాత చెప్పేవాడు, నిజమో కాదో ఎవరికి తెలుసు. పెద్ద తల, పొట్టి మెడ, నా భుజం దాకా ఎత్తు, లాడాలు కొట్టకపోయినా తడి బండల మీద జారని గిట్టలు. ఎండాకాలం గడ్డి లేకపోతే వెదురాకు మేసి బతికేవి. పులి వాసన తగిలితే మనకంటే ముందే నిలబడిపోయి, ఎంత తోసినా అడుగు కదిపేవి కావు. బతుకమ్మ పండక్కి నాయనమ్మ మలీద ముద్దలు చేస్తే మొదటి ముద్దలు వాటికే, మేం నోరూరుతుంటే చూస్తూ నిలబడాలి. ఇదేం న్యాయమో!

వాటిలో నుదుట తెల్ల మచ్చ ఉన్న ఆడదాని పేరు చుక్కి. "ఈసారి పుట్టే పిల్ల నీదే బిడ్డా" అని తాత నాకు మాటిచ్చాడు. నేనైతే ఆ పిల్లకు పేరు కూడా పెట్టేసుకున్నాను.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. మగ తట్టువ బీజాలతో ఉంటే వరుసలో నిలవదు. ఆడవాటి మీదికి ఎగబడి వాగు నడుమ బస్తాలు పడేస్తుంది, ఉప్పంతా నీళ్లపాలు. అందుకని ఎవరింట్లో మగపిల్ల పుట్టినా ఎదగకముందే బీజాలు కొట్టించేవాళ్లు. మరి సంతానం ఎట్లా అంటే, చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో ఒక మగదాన్ని కొట్టించకుండా వదిలేస్తారు, అవసరం పడ్డప్పుడు ఆడదాన్ని అక్కడికి తోలుకుపోతారు. ఆ ఒక్కదాన్ని ఎవరు వదలాలన్నది మాత్రం ఏనాడూ ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు.

ఆ ఎండాకాలం చుక్కి ఎదకొచ్చింది. ఇప్పపూలు రాలి అడవంతా తియ్యటి మత్తు వాసన కొడుతుంటే తాతా నేనూ దాన్ని తోలుకుని బయలుదేరాం. మొదటి ఊళ్లో మగది వానల్లో చచ్చిపోయిందన్నారు. తర్వాతి ఊళ్లో కొట్టించామన్నారు. తాతకు నడక పెరిగింది, మాట తగ్గింది. చివరి ఊళ్లో ఆయనకు బావ వరసయ్యే ముసలాయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు.

"మంచిగొచ్చినవ్ బావా! నేనే నీ తానకు వద్దామనుకుంటున్న. మా ఆడది గూడ ఎదకొచ్చింది. మీ చుక్కి కొడుకు ఎట్లున్నడు?"

తాత మొహం పాలిపోయింది. "వాన్ని నిరుడే కొట్టిచ్చిన. మీ తాన ఒకటుందనుకున్న."

"ఓరి దేవుడా! నీ తాన ఉందనే గదా మేం కొట్టిచ్చింది!"

చిన్నపిల్లనే అయినా నాకు అర్థమైంది: నా పిల్ల ఇక రాదు, నాదే కాదు, ఎవరి పిల్లా రాదు. చుక్కి మాత్రం మెడ సాచి అడవి వైపు చూసి సకిలిస్తూనే ఉంది.

ఆ తర్వాత రోడ్డు పడింది, జీపులొచ్చాయి, ఎక్కడినుంచైనా ఒక మగదాన్ని వెదికి తేవాలన్న పట్టు కూడా ఎవరికీ లేకుండా పోయింది. చాలా ఏళ్లకు, అన్నిటికంటే చివర చుక్కి చచ్చిపోతే ఆ ఊళ్లవాళ్లందరూ వచ్చి గుంత తవ్వారు. అంతమందీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడు ఆ దారిలో ఆటోలు తిరుగుతున్నాయి, వాగుల మీద వంతెనలున్నాయి, తట్టువ అంటే ఏమిటో తెలిసిన పిల్లలు మా ఊళ్లో ఒక్కరూ లేరు. మా మనవరాలికి ఇదంతా చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని, "మరి అన్నిటిని ఎవరు చంపిన్రు అమ్మమ్మా?" అని అడిగింది.

"ఎవరూ చంపలేదే. అందరం మంచిగనే సాకినం" అన్నాను.

నేను అబద్ధం చెప్తున్నానని కోపమొచ్చి, అది లేచి వెళ్లిపోయింది.