ఫ్లైయర్ల లిస్టు

ఇరవై ఏళ్ళ వయసులో ఎవరికైనా ఎదురుపడి చెప్పాల్సిన మాట ఉంటే నేను ముందు డైరీలో రాసుకునేదాన్ని. రాసుకున్నాక చెప్పేసినట్టే అనిపించి ఊరుకునేదాన్ని. (అక్క వండే పప్పులో ఉప్పు ఎక్కువవుతోందన్న సంగతి అలా ఏడాదిన్నర పాటు వారం వారం చెప్పాను. ఆమెకు ఇప్పటికీ తెలియదు.) ఏడేళ్ళు గడిచాయి కనుక ధైర్యం చేసి ఇది రాస్తున్నాను. మనసులో మాట పైకి చెప్పకపోతే ఏమవుతుందో, ఒక బిల్డింగు జనమంతా నా వల్ల తెలుసుకున్న కథ ఇది.

కడప నుంచి అక్కా బావా నన్ను కువైట్ తీసుకెళ్ళి, ఫర్వానియాలో తాము ఉండే బిల్డింగుకు దగ్గర్లోనే ఒక చిన్న ఇండియన్ బడిలో చేర్చారు, ఆటల మేడానికి సాయంగా. ఆటలకూ నాకూ ఉన్న సంబంధం ఏమిటంటే, పిల్లలు ఆడుతుంటే నీడలో కూర్చుని పుస్తకం చదివేదాన్ని. మా మేడం గోవా ఆవిడ. ఆ ఏడు ఆవిడకు చీర్ లీడింగ్ పిచ్చి పట్టింది. ప్లాస్టిక్ సంచులు చీల్చి కుచ్చులు కట్టి, వాటిని ఊపుతూ గెంతుతూ, చివరికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడడం. ఈ సంగతి పిల్లల ఇళ్ళకు వెళ్ళి చెప్పాల్సింది నేనే. మా కింది అంతస్తులో డ్రైవరు భార్య ఒకావిడ ఉండేది, నేను వదినా అని పిలిచేదాన్ని. ఆమె సగం విని, "చీరల లీడరా? మా పాపకు చీర కట్టేది రాదమ్మే, పదకొండేండ్లే దానికి" అంది. నేను సరిచేయలేదు. పోటీ రోజున కూతురు పొట్టి గౌనులో కనబడేసరికి ఆమె ముఖం చూసి, డైరీలో ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ పాప కొంచెం పుష్టిగా ఉండేది. గోపురంలో కింద నిలబడేది. బళ్ళో అందరూ స్తంభం అనేవాళ్ళు. దాని భుజాల మీద ఎక్కే బక్క పిల్లను పిచ్చుక అనేవాళ్ళు. షర్క్ అనే పేటలో ఒక ఆఫీసులో లెక్కలు రాసే గోదావరి ఆయన కూతురు. ఆయన్ని బిల్డింగంతా లెక్కల మావయ్య అనేది. ఎవరైనా పడిపోతే బదులు నిలబడడానికి రాయచోటి టైలరు చాచా కూతురిని పక్కన నిలబెట్టేవాళ్ళం. జట్టులో ఈ ముగ్గురు పిల్లలూ మా బిల్డింగువాళ్ళే, మిగతావాళ్ళు పక్క వీధులవాళ్ళు.

పోటీ జూన్‌లో జరిగింది. వారం తర్వాత కాగితాల మీద బడికి వచ్చిన ఫలితంలో మాది ఐదో స్థానం. (వచ్చిన జట్లు ఐదు. ఆరోదాని బస్సు చెడిపోయింది.) ఒక పెద్ద ఇంగ్లీషు బడి నుంచి వచ్చిన జడ్జి, ఎర్ర కళ్ళద్దాల ఆవిడ, ప్రతి పిల్ల గురించీ ఓపిగ్గా రాసిచ్చింది. మేడం సెలవులకు గోవా వెళ్తూ ఆ కాగితాల ఫైలు నా చేతిలో పెట్టి, పిల్లలనూ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి అన్నీ చదివి చెప్పమంది. నేను తల ఊపాను.

ఎలా చెప్పను? స్తంభాన్ని మెచ్చుకున్న మాటా, పిచ్చుకను తప్పు పట్టిన మాటా ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒకరికి చెబితే ఇంకొకరికి చెప్పినట్టే. లెక్కల మావయ్యేమో కూతురికి మొదటి బహుమతి వస్తుందని ఇంట్లో గోడకు ముందే మేకు కొట్టించాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే జూలై అయిపోయింది. ఆగస్టు రెండో తేదీ పొద్దున లేచి చూస్తే వీధి చివర ఇరాకీ ట్యాంకు నిలబడి ఉంది. పీడా పోయింది, ఇక ఎవరూ ఆ కాగితాల సంగతి అడగరు అని ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రెండు వారాలు గడిచేసరికి బిల్డింగులో మిగిలిన వాళ్ళమంతా పగటిపూట కింద సర్దాబ్‌లోనే ఉండేవాళ్ళం. సర్దాబ్ అంటే నేలకింది గది. బియ్యం మూటలూ నీళ్ళ డబ్బాలూ అక్కడే. అందరి నోటా ఉన్న మాట ఒకటే: ఇండియాకు విమానాలు పెడుతున్నారట, లిస్టులు తయారవుతున్నాయట, పిల్లలున్నవాళ్ళకు ముందట. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. ఇంతలో సైనికులు ఇళ్ళు సోదా చేస్తున్నారనీ, ఇంగ్లీషు రాత కాగితాలు దొరికితే తీసుకుపోతున్నారనీ కబురు వచ్చింది. అందరి కాగితాలూ ముందు మనమే చూసి, అనుమానంగా ఉన్నవి చింపేద్దామన్నాడు బావ. ఇంగ్లీషు బాగా వచ్చినది లెక్కల మావయ్యకే కాబట్టి ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు.

నా వంతు వచ్చింది. నా దగ్గర ఉన్నది డైరీ. అందులో బిల్డింగులో అందరి గురించీ ఉంది. మావయ్య పెరుగన్నం తినేటప్పుడు వచ్చే చప్పుడు గురించి ఒక పేజీన్నర ఉంది. దాన్ని పైటకింద దాచుకుని, మేడం ఇచ్చిన ఫైలు ఆయన ముందు పెట్టి మూలకు వెళ్ళి కూర్చున్నాను. పోటీ పేరూ మా ఐదో స్థానమూ ఉన్న పైకాగితాన్ని ఎవరూ చూడకూడదని ఎప్పుడో డైరీలోకి మార్చేశాను. కాబట్టి ఆయనకు కనబడింది రెండో కాగితం. మేము పోటీకి పంపిన పిల్లల పేర్లు, ఫ్లాటు నంబర్లు, కింద జడ్జి సంతకం. మూడు వరసలు. ఫ్లైయర్స్. బేసెస్. రిజర్వు. (మా మేడం పిల్లలతో పైవాళ్ళు, కిందవాళ్ళు అనే అనేది. ఈ మాటలు జడ్జివి. అందుకే పిల్లలకూ తెలియవు.)

మావయ్య లేచి నిలబడ్డాడు. "ఏవండీ, లిస్టొచ్చిందండీ" అన్నాడు. "ఫ్లైయర్స్ అంటే విమానం ఎక్కేవాళ్ళు. మా అమ్మాయి పేరుందండీ, మొదటి పేరే."

చాచా నీళ్ళ డబ్బా దించి పరుగున వచ్చాడు. "మా బేటీ సార్?"

"రిజర్వు."

"అల్హందులిల్లా. ఊర్లో రైలుకు గూడా ఎప్పుడూ దొరకలేదు సార్ మాకు, రిజర్వేషన్."

"అన్నా, మా పాపదో?" అంది వదిన.

మావయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "బేస్ కింద ఉందమ్మా. బేస్ అంటే స్థావరం. అంటే, ప్రస్తుతానికి ఇక్కడే ఉండేవాళ్ళు."

"ఇక్కడే ఉండేకి ఇదేమన్నా మా అత్తగారిల్లా? ఎవుడు రాసినాడన్నా ఆ లిస్టు?"

నేను నోరు తెరిచాను. అప్పటికే మావయ్య కింద రాసిన సూచనలు చదివి వినిపిస్తున్నాడు. "ఎడమ వైపు బరువు ఎక్కువ పడుతోంది, సర్దుకోవాలి అని రాశారండీ. విమానం సంగతి మరి. సామాన్లు తగ్గించుకోండి. దిగేటప్పుడు నవ్వుతూ దిగాలి. కాళ్ళు దగ్గరగా పెట్టాలి."

"నవ్వేదెందుకు మావయ్యా?" అన్నాడు బావ.

"బొంబాయిలో పేపరువాళ్ళు ఫోటోలు తీస్తారు కదండీ. ఏడుపు మొహాలతో దిగితే దేశం పరువేం కావాలి?"

"కాళ్ళు దగ్గరగానో?"

"ఫోటోలో అందరూ పట్టాలి కదయ్యా."

అంతా ఆ మాటతో సమాధానపడ్డారు. పిచ్చుక వాళ్ళమ్మ పైకెళ్ళి సూట్‌కేసు దించుకొచ్చింది. చాచా తన కుట్టుమిషను బరువెంత ఉంటుందో చేత్తో ఎత్తి చూసుకుంటున్నాడు, అది కుడివైపు పెట్టుకుంటే ఒప్పుకుంటారా అని బావను అడుగుతున్నాడు. వదిన మొగుడు మాత్రం, నెమ్మదైన మనిషి, లిస్టు రాసిన ఆఫీసు ఎక్కడుందో కనుక్కుందామని చెప్పులేసుకున్నాడు. బయట సైనికులు తిరుగుతున్నారు. వెళ్ళనివ్వకూడదని నాకు తెలుసు. ఒక్క మాట చాలనీ తెలుసు. ఆ మాటను మనసులో చక్కటి వాక్యంగా రెండు రకాలుగా కూర్చాను కూడా.

అప్పుడు స్తంభం వచ్చి నా పక్కన కూర్చుంది. దాని చేతిలో ఉన్న ఖుబ్బూస్ రొట్టె నా ఒళ్ళో పెట్టింది. "మీరు తినండి టీచర్" అంది.

"నీకాకలి లేదా?"

"ఉండాది. తింటే బరువైతా. నేను బరువుంటాననే కదా పెట్టి పోతాండారు. నాల్గు దినాలు తినకపోతే పైకి రాస్తారేమో, మీరు అడుగుతారా టీచర్?"

ఇలాంటప్పుడు మనిషికి ధైర్యం పుట్టుకొస్తుందని పుస్తకాల్లో చదివాను. నాకు పుట్టలేదు. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. కానీ ఆ రొట్టె చేత్తో పట్టుకునే ఎలాగో వెళ్ళి బియ్యం మూట మీద ఎక్కాను. (కింద నిలబడితే ఎవరికీ కనబడేదాన్ని కాదు.)

"అది విమానం లిస్టు కాదు" అన్నాను. పిల్లి మూలిగినట్టు వచ్చింది. మళ్ళీ అన్నాను. మూడోసారి అక్క, "అందరూ ఉండండబ్బా, మా చెల్లెలు మాట్లాడతాండాది" అని ఆశ్చర్యంగా అరిచింది. నిజానికి అందరూ ఆగింది ఆ వింతకే. ఒకే ఊపిరిలో అంతా చెప్పేశాను. జూన్‌లో చెప్పాల్సిన కాగితాలివి. ఫ్లైయర్ అంటే గోపురం పైన నిలబడే పిల్ల. రిజర్వు అంటే అవసరమైతే పిలిచే పిల్ల. ఎడమ వైపు పడిన బరువు మన పిల్లలది. నవ్వుతూ దిగమన్నది భుజాల మీద నుంచి.

వదిన మొగుడు చెప్పులు విప్పాడు. చాచా కుట్టుమిషను మూత మెల్లగా పెట్టాడు. "అవసరమైతే పిలుస్తారా? మాకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా అట్లనే అన్నాడులే" అన్నాడు.

"అయితే బేస్ అంటే ఏందమ్మే?" అంది వదిన.

మావయ్య చేతిలోంచి ఫైలు తీసుకుని, ఆయన వైపు చూడకుండా, ఆయన ఇంకా తిప్పని వెనక కాగితంలో జడ్జి రాసింది చదివి తెలుగులో చెప్పాను. "పైన ఉన్న అమ్మాయి రెండు సార్లు ప్రేక్షకుల్లోకి చూసి తూలింది. రెండు సార్లూ కింద ఎడమవైపు ఉన్న అమ్మాయి తన భుజం జరిపి ఆ కాలి కిందికి తెచ్చింది. చూసేవాళ్ళెవరికీ తెలిసి ఉండదు. అందరిలోకీ బలమైన బేస్ ఈమె. ఈమె వల్లే ఎవరూ పడలేదు."

స్తంభం లేచి వచ్చి నా చేతిలోంచి ఖుబ్బూస్ తీసుకుని కొరికింది.

"తూలిందా? మా అమ్మాయా?" అన్నాడు మావయ్య. "ప్రేక్షకుల్లోకి ఎందుకు చూసిందంటావ్? వాళ్ళమ్మ చెయ్యి ఊపింది. నేను వద్దంటూనే ఉన్నానండీ."

"నేనెక్కడ ఊపానండీ, చెమట తుడుచుకున్నాను."

"రెండు సార్లా?"

"జూన్ నెలండీ, కువైట్‌లో రెండు సార్లు కూడా చెమట పట్టకూడదా?"

"మా పాప భుజం లేకపోతే మీ పాప యాడుండునో" అంది వదిన, కొంగు సవరించుకుంటూ. సాయంత్రం దాకా అదే వాదం. దూరంగా కాల్పులు వినబడితే, ఉండండయ్యా అన్నట్టు చెయ్యి ఎత్తి, అవి ఆగాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. చివరికి మావయ్య నన్ను గంభీరంగా అడిగాడు, ఈ తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలని.

"దేశమే పాయ మావయ్యా, జడ్జి యాడుంటాది?" అన్నాడు బావ.

రెండు నెలలుగా నన్ను పీడించిన భయం ఇదేనా అనుకున్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. నేనక్కడ ఉన్నానన్నదే మరిచిపోయారు.

అసలు లిస్టు సెప్టెంబరులో వచ్చింది. అందులో మా బిల్డింగువాళ్ళందరం ఉన్నాం, ఒకే బస్సులో. బాగ్దాదు మీదుగా అమ్మాన్‌కు, అక్కడి నుంచి విమానం. ఎడారిలో రెండో రోజున స్తంభం నా పక్క సీటుకు వచ్చి, బియ్యం మూట మీద మాట్లాడింది జడ్జి చూసుంటే నాకేం రాసేదో చెప్పమంటారా అని అడిగింది. చెప్పమన్నాను.

"గొంతు సన్నం. కాళ్ళు వణికినాయి. కానీ పడలే. పదికి ఆరు."

"ఆరేనా?"

"ముందే చెప్పింటే తొమ్మిదేసుందును టీచర్."

కడపలో ఇంటికి చేరాక అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, తల నిమిరింది, దేవుడికి దండం పెట్టింది, అన్నం పెట్టింది. తింటూ ఈ కథంతా చెప్పాను. ఒక మనిషికి అంత పొడుగు మాట నేను ఎప్పుడూ చెప్పి ఉండలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా విని, "మిగతా నాలుగు ఏమైనాయే?" అంది.

ఇప్పుడు మళ్ళీ కువైట్‌లోనే, ఇంకో బడిలో, నెలకోసారి తల్లిదండ్రుల ఎదుట నిలబడి వాళ్ళ పిల్లల సంగతులు చెబుతుంటాను. కాళ్ళు ఇంకా వణుకుతాయి. మూట మీద నిలబడిన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఎదురైతే, ఆ నాలుగు మార్కులూ నేనూ సంపాదించలేదమ్మా, ఆరుతోనే నెట్టుకొస్తున్నాను అని చెప్పాలని ఉంటుంది.