తలె పెట్టంగనే మోగిన హారన్

డెబ్బై తొమ్మిదిల, వానలు ఎనకపట్టి చెరుకు మనిషెత్తు పెరిగిన దినాలల్ల, నేను జహీరాబాద్‌ల బొంబాయి రోడ్డు మీద మా షాపుల సెల్ఫ్, డైనమో పని చూస్తుంటి. మీరిద్దరు పూనెల పుట్టి పెరిగినోళ్లు, మీకు ఇదంత తెల్వదు. మొన్న ఫోన్ల నానమ్మ మెకానిక్కంట అని ఒకటే నవ్వుడు. నవ్విన్రు గని, ఏం పని, ఎట్ల చేస్తుంటివి అని గూడ అడిగిన్రు. అందుకే ఒక్క కారు సంగతి చెప్త. జర ఓపికతోని ఇనుండ్రి.

మా పనిల ఉస్తాద్ అంటే బండి రోగం కనిపెట్టేటోడు. కారీగర్ అంటే ఇప్పి బిగించేటోడు. మా నాయిన లారీ అడ్డా కాడ ఉస్తాద్. సెల్ఫ్ మోటర్, అంటే చాబీ తిప్పితే ఇంజన్ లేపే మోటర్, దాని లోపట తిరిగే ఆర్మేచర్‌కు రాగితీగ చుట్టుడు నాకు చిన్నప్పుడే నేర్పిండు, ఆడపిల్ల ఏళ్లు సన్నగుంటయి, తీగ తెగదు అని. పెండ్లయినంక మీ తాత బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టేటోడు, నేను వైరింగ్ చూసేదాన్ని. లారీలోళ్లు మొదట్ల నన్ను చూసి, మిస్త్రీ లేడా అమ్మా అని అడిగేటోళ్లు. రాను రాను ఉస్తాదమ్మా అనవట్టిన్రు.

ఒకనాడు రాంరెడ్డి అని, రాయికోడ్ దిక్కు ఊళ్లె భూములున్న పటేలు, మా షాపుకు వచ్చిండు. మనిషి పెద్దగ మాట్లాడడు. వాళ్ల నాయిన పెద్ద పటేలు చచ్చిపోయి కొన్ని నెలలయ్యింది. ఆయన నల్ల కారు కొట్టంల నిలవెట్టిన్రు, వారానికోసారి రాంరెడ్డి స్టార్ట్ చేసి ఆపుతడు. ఆ కారు హారన్ దానంతట అదే మోగుతున్నదని చెప్పిండు. ఒక్కసారే మోగి బందైతదట. చాబీ ఎక్కడుంటదని అడిగితే, ఇంట్ల దేవుని అర్రల మేకుకు ఏలాడుతుంటదన్నడు. అది చెప్పేటప్పుడు నా మొఖం దిక్కు చూడలేదు.

నాకేం వింత అనిపియ్యలేదు. ఆ కాలం కార్లల్ల హారన్‌కు ఒక దిక్కు కరెంటు ఎప్పుడూ వస్తనే ఉంటది, చాబీతోని పని లేదు. రెండో వైరు స్టీరింగ్ మీది బటన్‌కు పోతది. బటన్ ఒత్తితే ఆ వైరు బండి ఇనుముకు తాకుతది, దాన్ని మేం ఎర్త్ అంటం. తాకంగనే మోగుతది. బటన్ కింద స్ప్రింగు కూలవడ్డా, వైరు పైకప్పు ఒరుసుకపోయినా, మనిషి లేకుండనే మోగొచ్చు. హారన్ రోగం అంటే మేం మొదలు స్టీరింగ్ కాడనే చూస్తం.

టూల్స్ సంచి పట్టుకొని ఆయన జీపుల పోయిన. ఊరికి ఆవల పెద్ద ఇల్లు, పక్కకు రేకుల కొట్టం. కారును కడిగి తుడిచి, కొట్టం అంతా ఊడ్చి అలికిన్రు. మిస్త్రీ వస్తుందంటే బండిని గిట్ల తయారు చేసేటోళ్లను నేను అంతకుముందు చూడలేదు. పట్నం నుంచి సుట్టాలొస్తున్నట్టు పెట్టిన్రు. ఆ ఇంట్ల పనోళ్లు గూడ గట్టిగ మాట్లాడుతలేరు. బటన్ ఇప్పిన. స్ప్రింగు నిజంగనే మెత్తవడ్డది. కొత్తది ఏసి, స్టీరింగ్ కింది వైరును జర గుంజి సర్ది కట్టిన. ఒత్తితే మోగుతున్నది, ఒత్తకుంటె లేదు.

సంచి సర్దుకుంటుంటె దర్వాజ ఎనుకనుంచి ఒక ముసలామె బయటికొచ్చింది. పెద్ద పటేలు భార్య, అనసూయమ్మ. తెల్లచీర, బక్కపానం. కారు దిక్కు చూసుకుంట నన్ను అడిగింది.

"బందు చేసినవా బిడ్డా?"

చేసిన పటేలమ్మా, ఇగ ఫికర్ లేదు అన్న. ఆమె తలకాయ ఊపి లోపటికి పోయింది. సంతోషపడ్డట్టు అనిపియ్యలేదు.

వారం దాటలేదు, మల్ల వచ్చిండు. ఈసారి షాపుల బల్ల మీద కూసొని, మీ తాత చాయ్ ఇస్తే గ్లాసు చేతుల పట్టుకొని, తాగకుండనే మొత్తం చెప్పిండు. హారన్ బందైందట. ఆనాటి నుంచి వాళ్ల అమ్మ బువ్వ తింటలేదట, మంచినీళ్ల మీదనే ఉందట. నిన్న పగటీలి కారు దానంతట అదే ముంగటికి వచ్చిందట. ఇంజన్ లేవలేదు. లోపట ఎవ్వరూ లేరు. చాబీ దేవుని అర్రల్నే ఉన్నది. గొంతుల గురక పెట్టినట్టు సప్పుడు చేసుకుంట జరిగి, ముంగట కూసున్న అమ్మ మోకాళ్ల కాడికి వచ్చి ఆగిందట. ఆమె కదల్లేదు. అందరు ఉరికొచ్చి లేపవోతె, నన్ను ముట్టకుండ్రి, ఆయన నాకోసం వస్తున్నడు అన్నదట. ఇప్పుడు గూడ అక్కడ్నే కూసున్నది.

బండి ముంగట ఎందుకు కూసుంటదని నేను అడిగిన. అప్పుడు బయటవడ్డది అసలు సంగతి. పెద్ద పటేలు పోయినంక పిట్టకు పెట్టిన నాడు, అంటే సచ్చినోళ్లకు ఇష్టమైనయి వండి ఆకుల పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాక ఇంటోళ్లు పచ్చి మంచినీళ్లు ముట్టరు గదా, ఆనాడు ఎంతసేపటికీ కాకి దిగలేదట. పొలం అమ్మం అని మొక్కిన్రు, తమ్ముని పెండ్లి చేస్తం అని మొక్కిన్రు, దిగలేదు. నీ కారు అమ్మం నాయినా అని రాంరెడ్డి అనంగనే కాకి దిగిందట. ఆనాటి నుంచి అనసూయమ్మ దినాం పగటీలి కారు బానెట్ మీద తలె, అంటే కంచం, పెడుతది. బువ్వ, బెల్లం. బండి ముక్కు మీద సాక పోస్తది, అంటే దేవునికి పోసినట్టు కల్లు ధారగ. ఆయన రుమాలు అద్దం కింద పరుస్తది. హారన్ ఒక్కసారి మోగుతది. పటేలు ఇంటికి వస్తే గేటు కాడ గట్లనే ఒక్కసారి కొట్టేటోడట. మోగితే ఆయన ముట్టినట్టు. అప్పుడు ఆమె తింటది.

నేను పోయిన నాడు ఇదంత కడిగి, తలె తీసి దాచిపెట్టిన్రు, మిస్త్రీ ముంగట నగుబాటు ఎందుకని.

మీ తాత నా దిక్కు చూసిండు. గేర్ల ఉందా బండి అని అడిగిండు. కొట్టం నేల వాలుగ ఉంటదని, హ్యాండ్‌బ్రేక్ పట్టదని, ఎప్పుడూ ఫస్ట్ గేర్లనే పెడుతం అన్నడు రాంరెడ్డి. గేర్ల ఉన్న బండికి సెల్ఫ్ మోటర్ తిరిగిందంటే, ఇంజన్ లేవకున్నా బ్యాటరీ మీదనే బండి నడుస్తది. ఆ సెల్ఫ్‌కు కరెంటు వదిలే డబ్బను సాలినాయిడ్ అంటరు. చాబీ తిప్పితేనే దానికి కరెంటు రావాలె. చాబీ లేకుండ వస్తున్నదంటే, మల్ల ఎప్పుడన్న రావొచ్చు. అప్పుడు మోకాళ్ల కాడ ఆగకపోవచ్చు. ఆమె ఎనుక గోడ ఉన్నది.

మీ తాతను షాపు కాడ ఉంచి, నేను, రాంరెడ్డి ఆ జీపుల్నే పోయినం. పొద్దు నడినెత్తిన ఉన్నది. చెరుకు తోటల గాలి లేదు. కొట్టంల అనసూయమ్మ కారు బంపర్‌కు గోడకు నడుమ చాప మీద కూసున్నది. కారు లైట్లు రెండు ఆమె రెండు భుజాల మీదికి వంగి చూస్తున్నట్టున్నయి. నేనైతే లోపటికి పోవాలంటెనే వెనుకాడిన.

లేవుమంటె లేవలేదు.

"నన్ను ఇక్కడ్నే ఉండనియ్యి బిడ్డా. ఆయనకు నడువనీకి వస్తలేదు. నేను దగ్గర్నే ఉంటె ఆయనకు తేలిక."

రాంరెడ్డి చేతులు పట్టుకొని బతిలాడవట్టిండు. గుంజితే మల్ల వచ్చి కూసుంటది, తెలుస్తనే ఉంది. నేను పక్కకు కూసొని, పెద్ద పటేలు ఉన్నప్పుడు బండి ముంగట ఎవరన్న నిలవడితె ఏమనేటోడు అని అడిగిన.

"తిట్టేటోడు. కండ్లు నెత్తికెక్కినయా, జరుగు అనేటోడు."

"మరి నువ్వు ఎక్కడ కూసుంటుంటివి?"

"ఎనుక సీటుల. ఎడమదిక్కు."

"ఆడ కూసో పటేలమ్మా. నీ జాగ అదే గదా."

ఆమె నా మొఖం చూసి, చెయ్యి పట్టుకొని లేసింది. ఎనుక డోరు తీసి కూసోవెట్టిన. డోరు ఎయ్యంగనే చక్రాల కింద రాళ్లు పెట్టించి, ముంగటి సీటుల వంగి గేరు న్యూట్రల్ చేసిన. చాబీ తెప్పించి నా పిడికిట్ల పట్టుకున్న.

బ్యాటరీ వైరు తీస్తె భయం ఒడుస్తది. గని రోగం గూడ దాక్కుంటది. దొరుకకుంటె రేపు మల్ల అదే కత. అందుకే తీయకుండ, దినాం ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యుమన్న. రాంరెడ్డి, ఒక మూల చినిగిన వాళ్ల నాయిన ఎర్రంచు తెల్లరుమాలు పరిచి, ఇత్తడి తలె బానెట్ మీద పెట్టిండు. తలె ఇనుము మీద ఆనినప్పుడు టంగుమన్నది. సాక పోసిండు. కల్లు బానెట్ సందుల నుంచి లోపటికి కారింది. రేకుల మీద ఎండ పటపట అంటున్నది.

పీం అని ఒక్కసారి మోగింది.

చాబీ నా చేతులనే ఉన్నది. స్టీరింగ్ కాడ ఎవ్వరు లేరు, నేను కండ్లార చూస్తున్న. కారణం ఏదో ఉంటదని తెలిసి గూడ నేను ఒక అడుగు ఎనుకకు ఏసిన. ఎనుక సీటుల నుంచి అనసూయమ్మ మెల్లగ, వచ్చిండు అన్నది. ఆ మాట ఒడువకముందే సెల్ఫ్ మూలిగింది, లోపట ఎవరో గొంతు సవరించుకున్నట్టు. బండి అంతా వణికింది. న్యూట్రల్ల ఉంది కాబట్టి ఆడ్నే నిలవడ్డది. రాంరెడ్డి రెండు చేతులు జోడించి గోడకు ఆనుకున్నడు.

నేను తలె తీసి కింద పెట్టి బానెట్ లేపిన. ఏం లేదు. కల్లు సుక్కలు కారుతున్నయి, పుల్లటి వాసన. బ్యాటరీ ఎర్త్ వైరు ఇప్పి పక్కకు వంచిన. తర్వాత బ్యాటరీ లేపి, దాని కింది రేకు ట్రే ఇప్పిన. ట్రే ఎనుక, వైర్ల కట్ట పోయే మూలకు, ఎలుక గూడు ఉన్నది. గూడంతా తెల్లబట్ట పీలికలే. పెద్ద పటేలు రుమాలు అంచు ఎర్రదారంతోని సహా ఉన్నది అందుల. ఎండిన మెతుకులు, బెల్లం ముక్కలు, కండ్లు తెరువని పిల్లలు. వైర్ల మీది తోలు మొత్తం కొరికింది. హారన్ వైరు రాగి బయటవడి బాడీకి ఎంట్రుకవాసి దూరంల ఉంది. దాని పక్కన ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, సాలినాయిడ్‌కు పోయే సన్నవైరు, రెండూ బోడిగ ఆనుకున్నట్టే ఉన్నయి.

నెలల తరబడి తలె సప్పుడైందంటె పైనుంచి బువ్వ రాలుతదని ఆ ఎలుకకు అలవాటైంది. సప్పుడు ఇనంగనే వైర్ల కట్ట మీద ఎక్కుతది. దాని బరువుకు వైరు బాడీకి తాకుతది, హారన్ మోగుతది, దడుసుకొని దుంకుతది, బందైతది. అందుకే ఒక్కసారే. నేను మొదటిసారి వైరు గుంజి సర్దితే ఆ కట్ట జరిగి, హారన్ ఆగి, సెల్ఫ్ వైర్లు దగ్గరికొచ్చినయి. ఇయాళ రెండూ తాకినయి. హారన్ మోగితే వచ్చిండని ఇంకింత బువ్వ, ఇంకింత సాక. వాళ్లు పెట్టినకొద్ది అది కొరికింది.

అనసూయమ్మను దింపి చూపెట్టిన. వైరు, గూడు, రుమాలు పీలిక అన్నీ ఎరుక చేసి చెప్పిన. ఆమె మంచిగనే ఇన్నది. చదువుకున్నామె, వైరు ఎట్ల తాకుతదో తిరిగి నాకే చెప్పింది. అంతా అయినంక అడిగింది.

"పిట్ట ముడితె ఆయన ముట్టినట్టే అంటిమి గదా. ఎలుక ముడితె గాదా?"

నేను చేతులు తుడుసుకొని ఆమె పక్కకు వచ్చిన.

కొడుకు తల వంచుకున్నడు. ఆమె ఇన్ని దినాలు తిననిది, పెదవులు ఎండిపోయి ఉన్నయి. ఎవరు ముట్టినా సరే గని, తలె బండి మీద వద్దు పటేలమ్మా, కొట్టం బయట బండ మీద పెట్టు, ఏ జీవి ముట్టినా తిను అన్న. ఎలుక పిల్లల్ని సంపొద్దని ఆమె అన్నది. గూడు గూడుగనే ఒక గంపల పెట్టి కొట్టం మూలకు పెట్టించిన. తలె బయట బండ మీద ఆమెనే పెట్టింది. మేం ముగ్గురం దూరం జరిగి నిలవడ్డం. కాకులు చెట్టు మీద ఉన్నయి, దిగలేదు. రాంరెడ్డి మొఖం సిన్నవోయింది.

గప్పుడు కొట్టంల నుంచి ఎలుక బయటికొచ్చింది. పట్టపగలు, మనుషులు నిలవడ్డ కాడ. ఎలుకలు గోడ పొంటి ఉరుకుతయి, అది నడుమల నుంచి నడిచింది. బండ ఎక్కి, ముందటి కాళ్లు తలె అంచు మీద పెట్టి, మా దిక్కు చూసి, బువ్వ తిన్నది. తిని అట్లనే మెల్లగ పోయింది. అనసూయమ్మ కొంగు తలమీదికి గుంజుకొని, బువ్వ పెట్టుమని కోడలిని పిలిచింది. ఆమె తినంగ రాంరెడ్డి కొట్టం స్తంభం పట్టుకొని ఏడ్చిండు.

ఆ ట్రే కాడి వైర్లన్నీ తీసేసి కొత్తయి ఏసిన, మీద రబ్బరు గొట్టం తొడిగిన, బానెట్ సందుకు పట్టీ కొట్టిన. హ్యాండ్‌బ్రేక్ తీగ గూడ బిగించిన. హారన్ మల్ల దానంతట అది మోగలేదు. అనసూయమ్మ చానా ఏండ్లు బతికింది, తలె బండ మీద్నే పెట్టిందట.

నేను నేర్చుకున్నదేందంటే, దానంతట అది నడిచిన బండి కాడికి పోతె మొదలు ముంగట ఉన్నోళ్లను జరుపాలె, గేరు చూడాలె, చక్రాలకు రాళ్లు పెట్టాలె. రోగం కనవడ్డదాక బ్యాటరీ ఉంచాలె, కనవడంగనే ఎర్త్ తీయాలె. బండిని కడిగి తుడిచి చూపెడితె, కడుగకముందు దాని మీద ఏముండెనో అడుగాలె. ఇంటోళ్లు సిగ్గువడి చెప్పరు. ఆనాటి నుంచి షాపు మూసేదాక ఏ కారు వచ్చినా, ఈ బండికి మీరు ఇంట్ల ఏం చేస్తరు, ఏ పూట చేస్తరు అని అడిగినంకనే సంచి ఇప్పిన.