మా గడప నుంచి నేను జరిపిన కర్ర

ఇందుమూలముగా మా ఇంటిల్లిపాదికీ, చుట్టపక్కాలకూ, అడగకుండానే సలహాలిచ్చే ఇరుగుపొరుగుకూ తెలియజేయునది ఏమనగా... నేటి నుంచి మా ఇంట్లో ‘లేబర్’ అనే మాటను ఎగతాళికి వాడరాదు. వాడినవాళ్లు ఆ పూట అంట్లు తోమవలెను. ఇట్లు, నాలుగో తరగతితో బడిని వదిలించుకున్న ఇంటి పెద్ద, అనగా నేను.

ఈ ఫర్మానా ఎందుకంటే... మా మనవడు మొయినాబాద్‌లో ఇళ్లు కట్టిస్తాడు. మొన్న పొద్దున ఫోన్లో "లేబర్ రాలే, లేబర్ రాలే" అని మొత్తుకున్నాడు. మధ్యాహ్నం వాడి చెల్లెలిని కాన్పుకు తీసుకెళ్లి "లేబర్ రూమ్‌ల ఉన్నది నానమ్మా" అన్నాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. ఆ సంబరంలో పాత చీర కొంగు నడుముకు చుట్టి నేను దవాఖానకు బయలుదేరితే, "గిదేంది నానమ్మా, లేబర్ లెక్క ఉన్నవ్!" అన్నాడు.

ఒకే మాట, ఒకే రోజు, మూడు రకాలు. నవ్వాను... నవ్వి, లోపలికి పోయి కూర్చుండిపోయాను.

మా చిన్నప్పుడు... ఆలూరులో... నిజాం కాలంలో, ఈ ఇంగ్లీషు ముక్క మాకు తెలియదు. మన చేనులో చేసుకుంటే పని. గింజలిస్తే కూలి. ఏమీ ఇవ్వకపోతే వెట్టి. అధికారి దౌరాకు, అంటే ఊళ్లు తిరిగి చూడడానికి, వచ్చాడంటే ఆయన పెట్టెలు, మడత మంచం, డేరా గుడ్డ, చివరికి ఆయన చెంబు కూడా మావాళ్లే నెత్తిన పెట్టుకుని చేవెళ్ల దాకా మోయాలి. ఆ చెంబు ఆయనే చేత్తో పట్టుకుంటే ఏం అరిగిపోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెట్టికి మనుషుల్ని పిలిచే సుంకరి కేకేస్తే వాడకొక మనిషి పోవాలి. మా వాడలో వంతుకు ఒక తుమ్మ కర్ర ఉండేది. మోసి వచ్చినవాళ్లు దాన్ని తర్వాతి ఇంటి గడపకు ఆనించి, పిలవకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. కర్ర ఎవరి గడపకుంటే వంతు వాళ్లది. ఎవరు పెట్టారని, ఎందుకు పెట్టారని అడిగే ఆనవాయితీ లేదు... అడిగితే మొహాలు చూసుకోలేరు కదా.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకరి చీపురు ఇంకొకరి వాకిట్లో పెట్టడం, ఒకరి మేకపిల్లను ఇంకొకరి దొడ్లో కట్టేయడం... ఇదే నా నౌకరీ. జీతం తన్నులు.

ఆ ఏడు అమ్మకు చలిజ్వరం. బాపు పట్నంలో రాళ్లు కొట్టే పనికి పోయాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు చూస్తే కర్ర మా గడపకు ఉంది. అమ్మ గొంగడి కింద వణుకుతూనే "పొద్దుగాల నన్ను లేపు బిడ్డా, పోవాలె" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఉపాయమూ వచ్చింది. పక్కిల్లు రాజవ్వ చిన్నమ్మది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. కానీ ఆమె పెనిమిటి నర్సయ్య చిన్నాయన ఎద్దులాంటి మనిషి, పెట్టె ఎత్తితే పువ్వులా లేపుతాడు. కర్ర తీసుకుపోయి వాళ్ల గడపకు ఆనించి వచ్చాను. చీపుళ్లు మార్చినంత తేలికగా...

చిన్నాయన ఆ మధ్యాహ్నమే శంకర్‌పల్లి పోయాడని నాకు తెలియదు.

రాజవ్వ చిన్నమ్మకు మా అమ్మ జ్వరం సంగతి తెలుసు. అక్కే చేతకాక పెట్టింది కాబోలు అనుకుందట.  పొద్దున్నే తుండుగుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుని, అధికారి పెట్టె ఎత్తుకుని పోయింది.

ఎండ నెత్తికెక్కే వేళకు ఎడ్లబండి మీద తెచ్చారు. దారిలోనే నొప్పులొచ్చాయట. కంచె పక్కన కాన్పయిందట. మగపిల్లవాడు... ఏడవలేదు.

నేను అమ్మ గొంగడిలో దూరి అంతా చెప్పేశాను. అమ్మ గొంగడి తీసి పక్కన పెట్టింది. తర్వాత "ఇంకెవలికన్న చెప్పినవా?" అంది.

"లే."

"చెప్పకు."

గోడ పట్టుకుని లేచింది. నేను వెనకే పోయాను. రాజవ్వ చిన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తిరగకుండానే అడిగింది: "కర్ర నువ్వే పెట్టినవా అక్కా?"

అమ్మ గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "ఆఁ... నేనే. చాతగాక పెట్టిన."

"ఒక్క మాట చెప్తే అయిపోవు గద. మా ఆయన శంకర్‌పల్లి నుంచి వచ్చి నీ వంతు మోసేదాక ఆగుమని సుంకరోని కాళ్లు మొక్కుతుంటి."

అమ్మ నెల రోజులు వాళ్లింట్లో జొన్నలు విసిరింది, నీళ్లు మోసింది, వాకిలి ఊడ్చింది. చిన్నమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. బావి దగ్గర ఆడవాళ్లు అమ్మను చూసి చేద తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. ఆ చాకిరిని పని అనాలో, కూలి అనాలో, వెట్టి అనాలో... నాలుగు తరగతుల చదువులో నాకు దొరకలేదు.

పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు చిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. ఆమె నా నెత్తిన ఒక్కటి మొట్టి, ఉరుక్కుంటూ మా ఇంటికి పోయి "ఇన్నేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేస్తివి గదనే అక్కా!" అని అమ్మను కావలించుకుంది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

ఇప్పుడు చేవెళ్ల దారిలో కార్లు రయ్యిమని పోతున్నాయి. ఎవరి పెట్టె వాళ్ల కారులోనే ఉంటోంది. సంతోషమే. ఆ కంచె ఎక్కడుండేదో నాకు కూడా గుర్తు దొరకడం లేదు... మీ ఇళ్లలో ఎవరు ఎవరి వంతు మోశారో, గుర్తుంటే కింద రాయండి. పేర్లతో సహా రాయండి.

ఇంకొక్క మాట. రాజవ్వ చిన్నమ్మకు నిజం చెప్పానని రాశాను చూడండి... ఆ కావలింత, ఆ ఒకే కంచం... అంతా నా కల్పితం. చెప్పలేదు. ఆమె పోయింది, ఆ తర్వాత అమ్మా పోయింది. మొన్న మనవరాలి బిడ్డను చేతికిచ్చినప్పుడు, అది కేరుమని ఏడ్చినప్పుడు, ఇక దాచలేకపోయాను.

ఆలూరు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే... కర్ర పెట్టింది మా అమ్మ కాదు. నేను.