నాయనమ్మ సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సర్కారు దవాఖాన గోలీ అంటే సగం మందు, సగం అనుమానం. సిద్దిపేటలో మాది మగ్గం నడిచే ఇల్లు. బాపు నేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఆ ఏడు అమ్మ ముఖం పాలిపోయింది. బిందె ఎత్తితే ఆయాసం, రాట్నం దగ్గర కూర్చుంటే కళ్లు తిరగడం.

సర్కారు దవాఖాన డాక్టరమ్మ అమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువుందని గోలీలిచ్చింది. నెలలు గడిచినా మార్పు లేదు. ఊరికే ఇచ్చేది మందెట్లా అవుతుందని నాయనమ్మ మొదటినుంచీ గొణుగుతూనే ఉంది. డాక్టరమ్మకేమో అమ్మ మీదే అనుమానం. మళ్లీ పరీక్ష చేయించి, ఇక హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపాల్సిందే అంది. అక్కడికి పోయినవాళ్లు తిరిగిరారని మా వాడలో అనుకునేవాళ్లు. నేను భయంతో అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు.

"నిజం చెప్పమ్మా, గోలీలు మింగుతున్నవా, మోరీల పారేస్తున్నవా?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. అమ్మ ఏడ్చేసింది.

అప్పుడు లేచింది, మాతో దవాఖానకు వచ్చిన నాయనమ్మ. "ఎందుకు మింగుతలేదు? మింగబట్టే గదా నా కోడలికి దొడ్డికి నల్లగ వోతుంది! ఏం కలిపిన్రో గా గోలీలల్ల, ముందుగాల గది చెప్పుండ్రి!"

డాక్టరమ్మను నిలదీయబోయి కోడలి తరఫున సాక్ష్యం చెప్పింది పాపం. ఇనుము గోలీలు మింగితే అట్లా నల్లగానే అవుతుందట, భయపడాల్సింది లేదట. డాక్టరమ్మ కోపం పోయింది. "దేంతోని మింగుతున్నవమ్మా?" అంది మెల్లగా.

"చాయ్‌తోని," అంది అమ్మ.

ఉత్త నీళ్లతో మింగితే కడుపులో తిప్పుతుందని నాయనమ్మే ప్రేమగా పెట్టిచ్చే చాయ్ అది. ఆ చాయే ఇనుమును ఒంటికి పట్టనివ్వడం లేదని డాక్టరమ్మ చెప్పింది. ముందే అడగకపోవడం తన తప్పేనంది. నిమ్మకాయ నీళ్లతో మింగి, చాయ్ చాలాసేపు ఆగి తాగమంది. నెలకు చూసి, అప్పటికీ రక్తం పెరగకపోతే హైదరాబాద్ పంపుతానంది.

నాయనమ్మ ఆ మాటా నమ్మలేదు. అయినా రోజూ తనే నిమ్మకాయ పిండి, అమ్మ మింగేదాకా ఎదురుగా నిలబడేది. నెల తిరిగేసరికి అమ్మ కనురెప్ప లోపల ఎరుపు కనిపించింది. అదంతా నిమ్మకాయ మహిమేనని నాయనమ్మ చివరిదాకా వాదించింది.

సర్కారు మందు మీద ఆమె అనుమానం నాకూ అబ్బింది, ఈ వయసుకీ పోలేదు. కానీ ఎవరైనా మందు పనిచేయడం లేదంటే, ముందు దేంతో మింగుతున్నారో అడుగుతాను. ఆ రోజు డాక్టరమ్మ ఆ ఒక్క మాట అడిగింది కాబట్టి అమ్మ నాతో పాటు ఇంటికి నడిచొచ్చింది.