గోడ మీద బిళ్ళలు

టేకల్ దగ్గర నేను పనిచేసే హైస్కూలుకు కొత్తగా వచ్చిన ఏ టీచరైనా పదో తరగతి గదిలో అడుగుపెట్టగానే అడిగేది ఒకటే. "ఏం మేడం, ఈ చెక్కకు ఇన్ని మేకులెందుకు? వాటికి ఈ సోడా మూతలేంటి?" హాజరు పట్టీ ఉండగా ఇదేం వేషమని వాళ్ళ ఉద్దేశం. నేను నవ్వి ఊరుకుంటాను. పొద్దున్నే రైలెక్కి వచ్చి, పిల్లలకు సోషల్ చెప్పి చెప్పి గొంతు పోయినదానికి కథలు చెప్పే ఓపిక ఎక్కడిది? ఈరోజు సెలవు కాబట్టి చెబుతున్నాను.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. గనులు మూసేశాక అక్కడి సర్కారు హైస్కూల్లో చదివినదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, పరీక్షలు దగ్గరపడితే దేవుడితో మూడు భాషలూ. మా నాయన గని లోపల పైకప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పని చేసేవాడు. పని పోయాక కూడా పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ పోకుండా వీధి చివర కూర్చునేవాడు. మా లైనులో, అంటే గని కూలీల ఇళ్ళ వరుసలో, అలాంటి నాయనలు చాలామందే ఉండేవారు. కొందరు బెంగుళూరు రైలెక్కి సెక్యూరిటీ పనులకు పోయారు. మిగిలినవాళ్ళు అక్కడే కూర్చుని, వచ్చేపోయే పిల్లలను "ఏమ్మా, చదువుతాండావా?" అని ప్రాణం తీసేవాళ్ళు.

ఎక్కడ చదవాలి? లైను ఇల్లంటే ఒకటే గది. వంట, పడక, చుట్టాలు, టీవీ, తమ్ముడి ఏడుపు అన్నీ అందులోనే. వాకిట్లో కూర్చుందామంటే సాయంత్రం గాలికి, బంగారం తీశాక మిగిలిన సైనైడు దిబ్బల దుమ్ము వచ్చి పుస్తకం నిండా పడేది. దులుపుకుంటూ చదివితే ఒక్క పేజీ అయ్యేసరికి ఆకలేసేది. బడి మాత్రం సాయంత్రమైతే ఖాళీ. కానీ మా హెడ్‌మిస్ట్రెస్ కోలారు నుంచి వచ్చేది, ఆఖరి బస్సు పట్టుకోవాలి. బడి తాళం ఎవరి చేతికీ ఇచ్చే రకం కాదు. కన్నడంలో తిట్టి తెలుగులో బుజ్జగించే మనిషి. మేమంతా ఆమెను పెద్ద మిస్ అనేవాళ్ళం.

ఒకరోజు వీధి చివర కూర్చునే నాయనలంతా కలిసి ఆమె దగ్గరికి పోయారు. వాళ్ళ ముందు మేస్త్రి. గనిలో మా నాయన గ్యాంగుకు పెద్ద ఆయన. మనిషి తలుపంత ఉండేవాడు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మా వీధి దాకా వినిపించేది. ఆయన కూతురే మా క్లాసు ఫస్టు.

"తాళం మాకియ్యమ్మా. సాయంత్రం పిలకాయలు ఈడ కూసోని చదువుకుంటారు," అన్నాడు మేస్త్రి.

"మీకు లెక్కలొస్తాయా? సైన్సు వస్తాదా?" అంది పెద్ద మిస్.

"రాదమ్మా. కాపలా వస్తాది."

ఆమె నవ్వాపుకోలేకపోయిందట. తాళం ఇచ్చేసింది.

అక్కడితో మా పాపం పండింది. వాళ్ళకు తెలిసిన పద్ధతి గని పద్ధతి ఒక్కటే. గనిలోకి దిగేటప్పుడు ప్రతివాడూ మేకుకున్న తన నంబరు బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తిరిగి తగిలిస్తాడు. ఒక మేకు బోసిగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం. మా నాయన సోడా మూతలను సుత్తితో చదును చేసి, బెజ్జం పెట్టి, పెయింటుతో నంబర్లు రాశాడు. మేస్త్రి ఒక చెక్కకు మేకులు దిగ్గొట్టాడు. పెద్ద మిస్ బస్సుకు పోయేముందు బోర్డు మీద ఒక లెక్క వేసి పోతుంది. రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని, ఆ లెక్క చేసి, క్లాసు ఫస్టుకు చూపించి, బిళ్ళ తిరిగి తగిలించాలి. అందరి బిళ్ళలూ గోడెక్కితే తప్ప ఒక్కరు కూడా గడప దాటకూడదు.

రోజూ ఆఖరికి మిగిలే బిళ్ళ నాదే.

లెక్కలంటే నాకు భయం కాదు, కోపం. ఒక ట్యాంకుకు రెండు కొళాయిలు, ఒకటి ఇన్ని గంటల్లో నింపితే, రెండోది ఇన్ని గంటల్లో నింపితే, రెండూ కలిసి ఎప్పుడు నింపుతాయి? మా వీధిలో ఉన్నదే ఒక కొళాయి, అది ఎప్పుడొస్తుందో కౌన్సిలరుకే తెలీదు. "యాడ ఉండాదే ఈ ఊరు? చెప్తే బిందె తీసుకోని పోతాను," అని నేను పుస్తకం మూసేశాను. గోడవార కూర్చున్న నాయనలకు ఆ మాట నచ్చింది. అంత నీళ్ళు ఒదిలేది మాలూరు ఫ్యాక్టరీల్లోనే అని ఒకాయన, కాదు బెంగుళూరని ఇంకొకాయన గొడవపడ్డారు. మేస్త్రి కూతురు పెన్సిలు విసిరికొట్టింది.

"అప్పా, మీరు సుమ్మనే కూసోండి! ఏయ్, నువ్వు బేగ చెయ్యే, నాకు ఆకలైతాండాది!"

ఆ పిల్ల నాకు లెక్కలు నేర్పింది ప్రేమతో కాదు, ఆకలితో. ఒకే లెక్కను నాలుగు రకాలుగా చెప్పేది, ప్రతిసారీ ఒక తిట్టు కలిపి. క్లాసంతా నా చుట్టూ మూగి తలా ఒక అడుగు అందించేవాళ్ళు. ఎవరికి వాళ్ళు ఇంటికి పోవాలనే ఆత్రం. చివరికి నా బిళ్ళ మేకెక్కితే అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండేది. అప్పట్లో అంతకన్నా తోచలేదు.

ఇంట్లో మా అమ్మ లెక్క వేరు. మా పిన్నమ్మ గార్మెంట్సుకు పోయేది. ఆ ఫ్యాక్టరీ బస్సు తెల్లవారగానే మా వీధి మొగలో హారను కొట్టేది. పదో తరగతి పాసైతే కాలేజీలో పి.యు.సి., తప్పితే ఆ బస్సు. అమ్మ ఈ మాట కోపంగా చెప్పలేదు, అన్నం పెడుతూ చెప్పింది. "చదివేదాన్ని ఆపను. చదవనిదాన్ని ఇంట్లో కూసోబెట్టను." ఆ హారను వినిపిస్తే నేను దుప్పటి చెవుల మీదికి లాక్కునేదాన్ని. పొద్దుటే బస్సెక్కి చీకటిపడి దిగే మా పిన్నమ్మ మొహం చూసినదాన్ని. నాకు కాలేజీకి పోవాలనుంది. ఎంత ఉందో ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష ఫీజు కట్టేముందు పెద్ద మిస్ మా నాయనను పిలిపించింది. నాయన ఒక్కడే పోలేక మేస్త్రిని వెంటబెట్టుకున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఈసారి వద్దప్పా. వచ్చే ఏడు రాయనీ. ఈ పిల్ల ఒక్కతి తప్పితే బడి రిజల్టు నూటికి నూరు రాదు. పైనుంచి నన్ను నిలబెట్టి అడుగుతారు," అంది ఆమె.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"కోపం చేసుకోవద్దమ్మా. లోపల ఒక మనిషిని ఇడిసిపెట్టి షిఫ్టు అయిపోయిందని మేమెప్పుడూ చెప్పలేదు."

"ఇది గని కాదప్పా."

"కాదమ్మా. అయినా పిల్ల లోపలే ఉండాది కదా."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నన్ను లోపలికి పిలిచి కన్నడంలో ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టి, నా ఫీజు కట్టించుకుంది.

పరీక్ష రాశాను. రిజల్టు వచ్చింది. క్లాసంతా పాసైంది. మేస్త్రి కూతురికి కోలారులో సైన్సు సీటు ఖాయమయ్యే మార్కులు వచ్చాయి. తప్పింది నేనొక్కదాన్నే, లెక్కల్లో. పెద్ద మిస్ భయపడ్డది భయపడ్డట్టే జరిగింది.

నేను దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. నా కోసం ఎంతమంది ఆకలికి మాడారో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అమ్మ పిన్నమ్మతో వాకిట్లో మెల్లగా మాట్లాడుతోంది. సోమవారం బస్సులో చోటుందంట.

మరుసటి రోజు సాయంత్రం నాయన సైకిలు తీశాడు. "ఎక్కు," అన్నాడు. బడి ముందు ఆపాడు. ఎండాకాలం సెలవుల్లో బడికి రావడమేమిటనుకుంటూ లోపలికి పోయాను.

క్లాసంతా కూర్చుని ఉంది. పాసైనవాళ్ళంతా. గోడ మీద చెక్క బోసిగా ఉంది, ఎవరి బిళ్ళ వాళ్ళ జేబులో. నా బిళ్ళ ఒక్కటే మేకుకు వేలాడుతోంది. బోర్డు దగ్గర పెద్ద మిస్, చేతిలో సుద్దముక్క. ఆమెకు సెలవుల్లో కోలారు నుంచి రావలసిన పనే లేదు.

"ఏమే, ఇంత లేటు?" అంది మేస్త్రి కూతురు. "బిళ్ళ తీసుకోని కూసో."

"మీరంతా పాసైపోయినారు కదే," అన్నాను.

"ఐతే? మా నాయన తలుపు తెరిస్తే కదా పోయేది. సప్లిమెంటరీ దాకా ఇంతేనంట. నా ఖర్మ."

అప్పుడు ఏడ్చాను. గోడవార నాయనలు కిటికీల వైపు చూస్తూ కూర్చున్నారు. పెద్ద మిస్ నా ఏడుపు అయ్యేదాకా ఆగి, బోర్డు మీద కొళాయిల లెక్క వేసింది. ఆ రాత్రి మా అమ్మ పిన్నమ్మతో, ఆ బస్సులో చోటు ఇంకెవరికైనా ఇమ్మని చెప్పింది.

సప్లిమెంటరీ పాసయ్యాను, గట్టెక్కేంత మార్కులతో. కబురు తెలిసిన సాయంత్రం ఎవరూ పిలవకుండానే అందరమూ బడిలో చేరాము. చేసేందుకు లెక్క లేదు. ఒక్కొక్కరే పోయి బిళ్ళ తగిలించారు. ఆఖరున నేను. మా నాయన రాసిన నంబరు ఆ ఎండాకాలమంతా నా చేతి చెమటకు సగం చెరిగిపోయింది. మేస్త్రి చెక్క దగ్గరికి వచ్చి, గనిలో చూసినట్టే, పైనుంచి కింది దాకా చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి బడి తాళం తీసి పెద్ద మిస్ చేతిలో పెట్టాడు.

"అందరూ పైకొచ్చేసినారమ్మా," అన్నాడు.

గని మూసినరోజు ఆఖరి షిఫ్టు నుంచి వచ్చి, మా నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన గొంతు పెద్దగా వినలేదు. ఆ సాయంత్రం మాత్రం నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, మా లైను వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.