నా పేపరు ఆయన నోట: బేసింగ్‌స్టోక్ నుంచి నార్తాంప్టన్ దాకా

ఈ ప్రయాణానికి కారణం మా గైడు రిటైరవడం. ఇక్కడ ఇంగ్లండులో గైడు అనరు, సూపర్‌వైజర్ అంటారు. మేడం అని పిలిస్తే, పిలిచింది తననే అనుకోరు కూడా. హెలెన్ అని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు పెగిలేసరికి మొదటి సంవత్సరం అయిపోయింది. మా సబ్జెక్టు పారిశ్రామిక సంబంధాలు, అంటే యాజమాన్యానికీ పనిచేసేవాళ్ళకీ యూనియన్లకీ మధ్య నడిచే వ్యవహారమంతా. హెలెన్ వయసులో ఉన్నప్పుడు సమ్మె జరిగిన ప్రతి ఫ్యాక్టరీ గేటు ముందూ నిలబడి కార్మికులతో మాట్లాడి పుస్తకాలు రాసిన మనిషి. ఇప్పుడు సమ్మెలు తగ్గాయి, యూనియన్లలో చేరేవాళ్ళూ తగ్గారు, మా డిపార్ట్‌మెంట్ బోర్డు తీసేసి బిజినెస్ స్కూల్లో మానవ వనరుల విభాగం కింద ఒక మూలకు చేర్చారు. హెలెన్ వెళ్ళిపోయాక ఆ ఉద్యోగంలోకి ఇంకెవరినీ తీసుకోవడం లేదట. "పద్మజా, నీకు వేరే సూపర్‌వైజర్ దొరక్కపోతే పీహెచ్‌డీ ఆపేసి చిన్న డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది" అని ఆవిడ చెప్పిన రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మావారిని, పిల్లని, వంటని, లండన్ భూగర్భంలో నడిచే ట్యూబ్ రైళ్ళని తట్టుకుంటూ మూడేళ్ళు చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసినట్టేనా?

నా పరిశోధన మనవాళ్ళ పని గంటల మీద. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే భారతీయులకు కాంట్రాక్టులో రాసిన గంటలెన్ని, నిజంగా చేసేవెన్ని అన్నది ప్రశ్న. ఈ దేశంలో అదే విషయం మీద పనిచేస్తూ, విద్యార్థులను తీసుకునే స్థితిలో ఉన్నవారు హెలెన్‌కు తెలిసి ఒక్కరే: ఇంగ్లండు మధ్య ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో పాఠాలు చెప్పే లేబర్ ఎకనామిస్టు యాదగిరి గారు. మన వరంగల్ వారే. ఆయన నన్ను చేర్చుకుంటాననీ అనలేదు, లేదనీ అనలేదు. నార్తాంప్టన్‌లో జరిగే వర్క్‌షాపులో నీ పరిశోధన పేపరు నా చేతికి వస్తుంది, అది అయ్యాక చెబుతాను అని రెండు ముక్కల మెయిలు పెట్టారు. "ఆయన అంకెల మనిషి. నువ్వేమో మనుషులతో కబుర్లు చెప్పి వచ్చావు. కాస్త గట్టిగా ఉండు" అంది హెలెన్. ధైర్యం చెప్పిందో భయపెట్టిందో నాకు అర్థం కాలేదు. 2006 అక్టోబరులో ఒక శుక్రవారం అలా బయల్దేరాను.

ఇదే దారిన వెళ్ళేవాళ్ళ కోసం చెబుతున్నాను. బేసింగ్‌స్టోక్ నుంచి నార్తాంప్టన్‌కు రైల్లో వెళ్ళాలంటే లండన్ మీదుగా వెళ్ళడమే మేలు. వాటర్లూ దాకా ముప్పావు గంట పైన, అక్కడ నుంచి నార్తర్న్ లైన్‌లో యూస్టన్, యూస్టన్ నుంచి ఇంకో గంట. నార్తాంప్టన్ దాకా ఒకటే టికెట్ తీసుకుంటే మధ్యలో ట్యూబ్ ప్రయాణం కూడా అందులోనే కలిసి వస్తుంది. నేను మొదటిసారి తెలియక ట్యూబ్‌కు విడిగా కొన్నాను, ఆ సంగతి మావారు ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతారు. తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే ఛార్జీ బాగా తగ్గుతుంది. నా వంతు మధ్యాహ్నం కాబట్టి పాపని స్కూల్లో దింపి, తీరుబడిగా ఎక్కాను. తీరుబడి కాళ్ళకే. గుండె మాత్రం దారిలో వోకింగ్ స్టేషన్ దాటక ముందు నుంచే దడదడలాడుతోంది.

నార్తాంప్టన్ స్టేషన్ బయట టాక్సీ ఎక్కాను. డ్రైవర్ పంజాబీ పెద్దాయన. ఊరి బయట కాన్ఫరెన్సులకు అద్దెకిచ్చే పాత బంగళా పేరు చెబితే, అక్కడేం జరుగుతోంది బేటీ అని హిందీలో అడిగాడు. జనం ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, ఎంత జీతం వస్తోంది, ఇలాంటివి మాట్లాడుకుంటారు అన్నాను నా గుంటూరు హిందీలో. "అది మాట్లాడటానికి అంత పెద్ద బంగళానా? నా టాక్సీలో కూర్చోండి, ఊరంతా తిరుగుతూ చెబుతాను" అని పగలబడి నవ్వాడు. ఏడు పౌండ్లయింది. లోపలికి వెళ్ళేసరికి భోజనాల వేళ. వంటావిడ దగ్గరికి వెళ్ళి మాంసం లేనిదేముందని అడిగితే, "కాల్చిన బంగాళాదుంప ఉంది లవ్, చీజ్ కావాలా, బీన్స్ కావాలా?" అంది. ఇక్కడ కొత్తవాళ్ళనైనా లవ్ అనే పిలుస్తారు. రెండూ వేయించుకున్నాను. భయమేస్తే నాకు ఆకలి ఎక్కువవుతుంది.

ఈ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనుకునేది దానికోసమే. పేపరు రాసినవాళ్ళు దాని గురించి మాట్లాడకూడదు. వేరొకరు దాన్ని ముందే చదువుకొని వచ్చి, తనదే అన్నంత శ్రద్ధగా అందరికీ వివరించాలి. ఆ తర్వాత తప్పులు చెప్పాలి. రాసినవాళ్ళు అంతసేపూ నోరు మూసుకొని కూర్చోవాలి. చివర్లో అయిదు నిమిషాలు మాత్రం వాళ్ళకిస్తారు. పైగా కావాలనే ఒకరి పద్ధతి ఒకరికి పడనివాళ్ళను జత కడతారు. మనుషులతో మాట్లాడి రాసినవాళ్ళ పేపరు లెక్కలవాళ్ళకు, లెక్కలవాళ్ళది మాటలవాళ్ళకు. మన దగ్గర ఇలా పెడితే మొదటి టీ విరామానికే కొట్టుకు చస్తారేమో అనుకున్నాను.

కానీ ఏం పద్ధతండీ! ఇక్కడ కనీస వేతన చట్టం వచ్చాక కాఫీ షాపుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలు తగ్గాయా అని పెద్ద పెద్ద సర్వేలు పెట్టి లెక్కలు కట్టిన ఒక కుర్ర ఎకనామిస్టు పేపర్ని, జీవితమంతా రైల్వే యూనియన్ల మధ్య గడిపిన తెల్లగడ్డం ప్రొఫెసర్ వివరించాడు. ఆ సమీకరణాలు ఆయనకు కొరుకుడు పడవని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా వారం రోజులు కూర్చొని నేర్చుకొని వచ్చాడట. ఆ తర్వాత గోదాముల్లో ఏజెన్సీల ద్వారా పనికి చేరిన పోలండ్ వాళ్ళ గురించి ఒక పేపరు. ఒకప్పుడు ఈ రంగమంతా సమ్మెలు, బేరసారాలు. ఇప్పుడు ఏజెన్సీ పని, వలస వచ్చినవాళ్ళు, ఇంటికీ ఆఫీసుకీ మధ్య నలిగిపోయే ఆడవాళ్ళు. డిపార్ట్‌మెంట్లు మూతపడుతున్నా ప్రశ్నలు మూతపడలేదని అక్కడ కూర్చున్నాక తెలిసింది. నా భయం కూడా మర్చిపోయి వింటూ ఉండిపోయాను.

తర్వాత నా వంతు. యాదగిరి గారు లేచారు. సన్నగా, పొడుగ్గా, స్వెట్టర్ మోచేతుల దగ్గర అరిగిపోయిన మనిషి. ఇంగ్లీషులోనే, మెల్లగా మొదలుపెట్టారు. నేను ఇరవై పేజీల్లో కిందా మీదా పడి చెప్పింది ఆయన పది నిమిషాల్లో ముత్యాల్లా చెప్పేశారు. ఓర్నాయనో, నేను రాసింది ఇంత బాగుందా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడాయన ఒక పేజీ తిప్పి, "ఈ ఇంటర్వ్యూలు ఎక్కడ చేశారో రచయిత్రి నిజాయితీగా రాశారు. తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో" అన్నారు. నిజమే. లండన్ శివార్లలోని ఇల్ఫర్డ్‌లోనో, బేసింగ్‌స్టోక్‌లోనో మునిసిపాలిటీ వాళ్ళ కౌన్సిల్ హాలు అద్దెకు తీసుకొని తలా ఒక వంటకం పట్టుకొస్తాం కదా. నలభై మందికి పైగా అక్కడే, పులిహోర ప్లేట్ల పక్కన రికార్డర్ పెట్టుకొని మాట్లాడాను. మనవాళ్ళందరూ ఒకేచోట దొరికితే అంతకన్నా ఏం కావాలి?

"రచయిత్రి తేల్చిన ముఖ్యమైన విషయం, వీళ్ళలో వారాంతాల్లో పనిచేసేవాళ్ళు చాలా తక్కువ అని" అన్నారాయన. "నాదొక్కటే సందేహం. ఈ పాట్‌లక్‌లు జరిగేది ఏ రోజు?"

హాలంతా ఘొల్లున నవ్వు. ఆదివారం మధ్యాహ్నం తీరికగా పులిహోర తింటున్నవాళ్ళను పట్టుకొని, మీరు ఆదివారాలు పనిచేస్తారా అని అడిగి, లేదంటే అదొక సిద్ధాంతంలా రాసుకొచ్చాను! హెలెన్‌కు పాట్‌లక్ అంటే ఏమిటో తెలియదు, పట్టుకోలేదు. మరి నా తెలివి ఏమైంది? తల కొట్టేసినట్టయింది. నోరు తెరవకూడదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. ఇక ఆయన నన్ను చేర్చుకున్నట్టే అనుకున్నాను.

నా అయిదు నిమిషాలు వచ్చాయి. లేచి, తప్పు తప్పేనని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఏదో పౌరుషం వచ్చింది. "అయితే మీరు అంకెలు తీసుకునే ఆ పెద్ద ప్రభుత్వ సర్వేలో కూడా ఒక చిక్కుంది" అన్నాను. "ఇంట్లో ఒకరు దొరికితే మిగతావాళ్ళ గురించి కూడా వాళ్ళనే అడిగేస్తారు కదా. మేము కొత్తగా ఇల్ఫర్డ్ వచ్చినప్పుడు ఒక ఇంట్లో మాతో పాటు మావారి ఆఫీసువాళ్ళు నలుగురు ఉండేవారు. సర్వేవాళ్ళు వస్తే అందరి తరఫునా మావారే జవాబు చెప్పారు. అందరికీ వారానికి ముప్పై ఏడున్నర గంటలు అన్నారు. కాంట్రాక్టులో ఉన్నది అదే కదా. అందులో ఒకతను నెల రోజులుగా ఆదివారం మొహం చూడలేదు." తెల్లగడ్డం ప్రొఫెసర్ బల్ల చరిచి నవ్వాడు. యాదగిరి గారు నవ్వలేదు. పెన్ను పట్టుకొని అలాగే కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. అయిపోయింది, పెద్దాయనకు ఎదురు చెప్పి చివరి ఆశ కూడా పోగొట్టుకున్నానని నన్ను నేను తిట్టుకున్నాను.

టీ దగ్గర ఆయనే వచ్చారు. మొదటిసారి తెలుగులో మాట్లాడారు. "ఏమ్మా, రైలు ఎన్నింటికి?"

"ఏ రైలైనా ఎక్కొచ్చు సార్. టికెట్‌లో టైం లేదు."

"అయితే ఇంటికి రా. పది నిమిషాలు కూడ పట్టదు. సరోజ డ్యూటీకి పోయే లోపల నీకు ఆమెను చూపియ్యాలె."

చేర్చుకుంటారా లేదా అని అడగడానికి నోరు రాలేదు. కార్లో ఆయన వానల గురించే మాట్లాడారు. ఇల్లు చేరేసరికి ఆయన భార్య సరోజ గారు హాల్లో ఒక చేత్తో జడ పట్టుకొని, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ కనిపించారు. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. శుక్ర, శని, ఆదివారాలు రాత్రి డ్యూటీ, ఏళ్ళ తరబడి అంతే. "రామ్మా, కూసో. పప్పు, చింతకాయ తొక్కు ఉన్నయి. నేను ఇంక అర్ధగంటల పోవాలె, ఏమనుకోకు" అంటూనే ప్లేటు పెట్టేశారు. ఆవిడ ఒక్క తెలుగు పాట్‌లక్‌కైనా వచ్చారా అని అడిగాను. "పిలుస్తరమ్మ, మంచోళ్ళు. కని ఆదివారం పగలంత నేను పండుకునే ఉంట. ఇట్లొక మనిషి ఉన్నదని సగంమందికి తెల్వనే తెల్వదు."

యాదగిరి గారు నా ఎదురుగా కూర్చున్నారు. "నీ పేపరు చదివేటప్పుడు ఈమె కోసమే వెతికిన. లేదు. అందుకే ఆ ప్రశ్న అడిగిన. మా సర్వేలనన్న ఉన్నది కదా అని కొంచెం గర్వమే ఉండె." ఆగి, గొంతు సవరించుకున్నారు. "నువ్వు మీ ఇల్ఫర్డ్ ఇంటి ముచ్చట చెప్పంగనే యాదికొచ్చింది. ఆ సర్వేకు మా ఇల్లు కూడ పడ్డది ఒకసారి. ఫోన్ ఎత్తింది నేనే. సరోజ గంటలు కూడ నేనే చెప్పిన."

సరోజ గారు జడ సగంలో ఆపేశారు. "ఎన్నని చెప్పిండ్రు?"

"ముప్పై ఏడున్నర."

"ముప్పై ఏడున్నరనా!" ఆవిడ నా వైపు తిరిగారు. "చూసినవా అమ్మా? షిఫ్టు అయినంక తర్వాతోళ్ళకు వార్డు అప్పజెప్పుడే గంట. మనుషులు తక్కువున్నరని పిలిస్తే ఇంకో రోజు. అవన్ని ఎటు పోయినయి? నన్ను అడగొద్దా?"

"నువ్వు పైన పండుకొని ఉన్నవు. లేపుడు ఎందుకని..."

"లేపాలె! గంటలు నావి కదా!"

ఆయన తల వంచుకున్నారు. ఇన్నేళ్ళు ఆ సర్వే అంకెల మీద పేపర్లు రాసి, పేరు తెచ్చుకున్న మనిషి, వంటింటి బల్ల దగ్గర పిల్లవాడిలా కూర్చున్నారు. ఆ క్షణంలో ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది. నాకు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా.

"సోమవారం హెలెన్‌కు మెయిలు పెడుత, నిన్ను నా దగ్గరికి మార్చమని" అన్నారు చివరికి. "కాని ఇంటర్వ్యూలు మళ్ళ చెయ్యాలె. ఒక సంవత్సరం ఎక్కువ పడుతది. మొదటిది సరోజది."

మంచినీళ్ళు తాగి, తప్పకుండా సార్, మీరు కూడా ఉంటారా అని అడిగాను.

సరోజ గారు కోటు తొడుక్కుంటూ వెనక్కి తిరిగారు. "ఆయన ఉండొద్దు. ఉంటే మళ్ళ ఆయనే చెప్తరు."

ఆ వచ్చే ఆదివారం పొద్దున, ఆవిడ డ్యూటీ దిగిన వెంటనే ఫోన్లో ఆ ఇంటర్వ్యూ చేశాను. యాదగిరి గారు ఎవరూ చెప్పకుండానే షాపుకు వెళ్ళిపోయారట. వారానికి మీరు నిజంగా ఎన్ని గంటలు పనిచేస్తారు అన్నది మొదటి ప్రశ్న. "ఇట్ల నన్ను ఎవరు అడగలేదమ్మ ఇప్పటిదాంక" అన్నారావిడ. తర్వాత గంటన్నర మాట్లాడారు. ఈ దేశంలో నాకు దొరికిన గొప్ప చదువు ఏమిటంటే ఆ శుక్రవారమే అని చెబుతాను. ఎదుటివాడి మాటను ముందు తన నోటితో సరిగ్గా చెప్పి, ఆ తర్వాతే తప్పు పట్టే మనుషులను చూశాను. తప్పు తనదైతే ఇంటికి పిలిచి, అన్నం పెట్టి మరీ ఒప్పుకున్న మనిషిని చూశాను. ఇప్పుడు నా పరిశోధనలో మనవాళ్ళు వారాంతాల్లో పనిచేయరన్న వాక్యం లేదు. దాని స్థానంలో సరోజ గారున్నారు, ఆవిడ లాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

ఇలాంటి వర్క్‌షాపులకు వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. కొంచెం ఖరీదైనా సరే, ఫలానా రైలుకే అని కట్టిపడేసే టికెట్ కాకుండా, ఆ రోజు ఏ రైలైనా ఎక్కగలిగే తిరుగు టికెట్ తీసుకోండి. సాయంత్రం ఎవరైనా ఇంటికి రమ్మంటే గడియారం చూసుకోకుండా వెళ్ళగలగాలి.